వెనక బుష్షులు: ఇంటి పట్టున చేసుకోదగ్గ పని

పాత కారు స్పీడ్ బ్రేకర్ దిగుతుంటే వెనకవైపు ‘టక్’మన్న చప్పుడు మొదలైందంటే తప్పు ముందుగా షాక్ అబ్జార్బర్ల మీద పడుతుంది. కొత్తవి వేయించినా చప్పుడు పోకపోతేనే చూపు బుష్షుల మీదికి మళ్లుతుంది. ఈ చిన్న రబ్బరు ముక్కలు మార్చే పనిని మనవాళ్లు పూర్తిగా షెడ్డుకే వదిలేశారు. అంబాసిడర్, మారుతి 800 లాంటి సాదా కార్ల విషయంలో నాకు ఇది సరైన పద్ధతిగా తోచదు. వాటి వెనక బుష్షులు యజమాని ఇంటి దగ్గర మార్చుకోగలడు. తొందర లేని చోటు కాబట్టి, జాగ్రత్తగా చేస్తే షెడ్డులో కన్నా బాగా కుదురుతుంది కూడా. ఈ పనిలో మంచిచెడ్డలు తేల్చేది పెద్ద యంత్రం ఉందా లేదా అన్నది కాదు, చివరి అరగంట ఎవరు ఓపిగ్గా ఖర్చు పెడతారన్నది.

ఇనుప బోల్టు ఇనుప కంటిలో నేరుగా తిరిగితే రెండూ అరుగుతాయి, దారిలోని ప్రతి రాయీ లోపల కూర్చున్నవాళ్ల నడుముకు తెలుస్తుంది. వెనకటి మోటార్లలో ఆ చోట కంచు బుష్షులు వేసి, నిపుల్ గుండా తరచూ గ్రీజు కొట్టేవారు. ఆ చాకిరీని తప్పించింది రబ్బరు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన అంబాసిడర్‌లో వెనక యాక్సిల్‌ను రెండు కమాన్ కట్టలు మోస్తాయి. కట్టకు ముందు కంటిలోనూ, వెనక షాకిల్ దగ్గరా రబ్బరు బుష్షులుంటాయి. మనకు ఎక్కువగా కనిపించే తర్వాతి కాలపు మారుతి 800లో కమాన్లు లేవు. కాయిల్ స్ప్రింగులు బరువు మోస్తే, యాక్సిల్ ముందుకీ వెనక్కీ జరగకుండా రెండు ట్రెయిలింగ్ ఆర్ములు, పక్కలకు జరగకుండా ఒక లేటరల్ రాడ్ పట్టుకుంటాయి. వీటి చివర్లలో ఉండే బుష్షు లోపల ఒక ఇనుప గొట్టం, బయట ఇంకొకటి, మధ్యలో రెండింటికీ అతుక్కున్న రబ్బరు. బోల్టు బిగించాక లోపలి గొట్టం కదలదు. బయటి గొట్టం ఆర్మ్‌తో పాటు ఊగుతుంది. అంటే ఇక్కడ ఏదీ దేని మీదా జారడం లేదు. రబ్బరే మెలి తిరిగి, మళ్లీ మామూలుగా అవుతోంది. దీన్ని గుర్తుపెట్టుకుంటే మిగతా పనంతా దానంతటదే అర్థమవుతుంది.

రబ్బరు కిలోమీటర్ల లెక్కన మాత్రమే పాడవదు. ఎండకూ గాలికీ గట్టిపడుతుంది, పగుళ్లిస్తుంది, నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. అంబాసిడర్, మారుతి 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది గనుక, వాటిలో అన్నిటికన్నా చిన్న బండికి కూడా బుష్షులు ముసలివైపోయే వయసు వచ్చేసింది. లక్షణాలు చప్పుడుతోనే ఆగవు. బ్రేకు వేసినప్పుడు వెనకభాగం ఒక పక్కకు లాగినట్టుంటుంది, వంపుల్లో బండి ఆలస్యంగా మాట వింటుంది. బండి కింద టైరు లివరో పొడవాటి స్క్రూడ్రైవరో పెట్టి ఆర్మ్‌ను మెల్లగా ఎత్తితే, మంచి బుష్షు కొంచెం లొంగి వెనక్కి వస్తుంది. పోయినది ఖాళీగా ఆడుతుంది, లేదా రబ్బరు ఇనుము నుంచి విడిపోయి కనిపిస్తుంది.

ఇంట్లో ఈ పని కాదనేవాళ్లు ముందుగా చెప్పే కారణం హైడ్రాలిక్ ప్రెస్సు. పాత బుష్షును గూటిలోంచి తోయడానికీ కొత్తది నొక్కడానికీ టన్నుల బలం కావాలి, నిజమే. కానీ ఆ బలం ఒక బోల్టులోనే ఉంది. 12 మిల్లీమీటర్ల మందమున్న గట్టిరకం పొడవాటి బోల్టు, మందపాటి వాషర్లు, బుష్షు బయటి వ్యాసం కన్నా కాస్త పెద్దదైన ఇనుప గొట్టం ముక్క ఒకటి, కాస్త చిన్నదైన సాకెట్టు ఒకటి చాలు. గొట్టం గూటి అంచు మీద ఆనుతుంది, సాకెట్టు బుష్షు మీద ఆనుతుంది, నట్టు తిప్పుతుంటే బుష్షు గొట్టంలోకి జరుగుతుంది. అడుగు పొడవున్న పానా చివర 20 కిలోల బలంతో లాగితే, మరలకు గ్రీజు రాసిన అలాంటి బోల్టులో పుట్టే ఒత్తిడి రెండు టన్నులు దాటుతుంది. ఆటోనగర్లలో ప్రెస్సు లేని చిన్న షెడ్లు ఏళ్ల తరబడి చేస్తున్నది ఇదే. సుత్తి దెబ్బకన్నా ఈ పద్ధతి మేలు కూడా. బుష్షు వంకరగా దిగుతోందంటే ఆపి సరిచేసుకోవచ్చు.

తుప్పుతో బిగుసుకుపోయిన పాత బుష్షు దగ్గర దొడ్డిదారి ఒకటుంది: గ్యాస్ మంటతో రబ్బరును కాల్చేయడం. త్వరగా అయిపోతుందని చాలాచోట్ల చేస్తారు. నేనైతే వద్దంటాను. ఆ పొగ పీల్చదగ్గది కాదు, పెట్రోలు ట్యాంకు, గొట్టాలు, బ్రేకు హోసు అక్కడికి దగ్గరలోనే ఉంటాయి, కమాన్ పట్టీకి ఎక్కువ వేడి తగిలితే దాని పదును పోతుంది. డ్రిల్లుతో రబ్బరును తూట్లు పొడిచి లోపలి గొట్టం లాగేసి, మిగిలిన బయటి చుట్టును హ్యాక్సా బ్లేడుతో నిలువుగా కోస్తే అది ముడుచుకుని వచ్చేస్తుంది. కోత గూటిలోకి దిగకుండా చూసుకోవాలి, అంతే. గంట పడుతుంది. ఇంట్లో ఆ గంటకు ఎవరూ డబ్బు అడగరు. కొత్త బుష్షు దింపేముందు గూటిని గరుకు కాగితంతో శుభ్రం చేసి సబ్బునీళ్లు రాయాలి. ఇంజన్ ఆయిలు రాస్తే రబ్బరు ఉబ్బుతుంది.

ఇప్పుడు చివరి అరగంట. బండి వెనకభాగం ఎత్తి ఉన్నప్పుడు యాక్సిల్ కిందికి వేలాడుతుంది. ఆర్మ్ పొడవు 45 సెంటీమీటర్లు, వేలాడిన లోతు 10 సెంటీమీటర్లు అనుకుంటే, ఆర్మ్ తన మామూలు స్థితి నుంచి సుమారు 13 డిగ్రీలు వాలి ఉంటుంది. అలాగే ఉండగా నట్టు పూర్తిగా బిగిస్తే, లోపలి గొట్టం ఆ వాలులోనే స్థిరపడిపోతుంది. బండి కిందికి దించగానే రబ్బరు 13 డిగ్రీలు మెలి తిరుగుతుంది, బండి ఊరికే నిలబడి ఉన్నా ఆ మెలిక వదలదు. గుంతల్లో పడే మెలిక దీనికి తోడవుతుంది. పిండిన బట్టను దండెం మీద వేయకుండా చేతుల్లో అలాగే పట్టుకుని ఉంచినట్టన్నమాట. కొత్త రబ్బరు కొద్దికాలానికే చిరగడానికి ఇదే పెద్ద కారణం. అందుకే బోల్టులు వదులుగా ఎక్కించి, చక్రాలు బిగించి, బండిని నేల మీదికి దించి, రెండుమూడుసార్లు వెనకవైపు నొక్కి వదిలి, బరువు స్ప్రింగుల మీద పడ్డాక, మాన్యువల్‌లో ఇచ్చిన కొలతకు టార్క్ పానాతో బిగించాలి. అంబాసిడర్ షాకిల్ బుష్షులకూ ఇదే నియమం. మంచి మిస్త్రీలకు ఈ సంగతి తెలియక కాదు. లిఫ్టు మీద ఒక బండి, వెనక ఇంకో నాలుగు బండ్లు ఉన్నప్పుడు, దించి మళ్లీ కిందికి దూరి బిగించే సమయం వాళ్లకు దొరకదు. బండికింతని తీసుకునే కూలిలో ఓపికకు ధర లేదు.

ప్రాణభయం మాటేమిటని అడిగితే, ఆ అభ్యంతరం మిగతా వాటికన్నా బలమైనది. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ఇటుకలూ సిమెంటు దిమ్మెలూ చెప్పకుండా పగులుతాయి. ఈ కార్ల హ్యాండ్ బ్రేకు పనిచేసేది వెనక చక్రాల మీద. అవి గాల్లో ఉంటే అది లాగినా లాగకపోయినా ఒకటే, కనుక ముందు చక్రాలకు రెండువైపులా అడ్డు పెట్టడం తప్పనిసరి. బాడీ కింద రెండు ఇనుప స్టాండ్లు, యాక్సిల్ కింద ఇంకో జాకీ ఉండాలి. ఒకసారికి ఒక పక్కే విప్పితే యాక్సిల్ స్థానం తప్పదు, బ్రేకు హోసు సాగదు. ఇంత పాత బండికి ఇంత శ్రమ దండగనేవాళ్లకు నా జవాబు చిన్నది: సొంత కార్ల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగిశాక పునరుద్ధరణకు ఫిట్‌నెస్ చూపించాలి, బండిని ఉంచుకోవాలంటే దాన్ని నడిచే స్థితిలో ఉంచక తప్పదు. పాలీయురితేన్ బుష్షులు వేస్తే ఇక మార్చే పనే ఉండదన్న వాదన కూడా వింటుంటాం. అవి గొట్టం మీద జారుతాయి కాబట్టి పైన చెప్పిన మెలిక బాధ లేదు. అయితే ఒక చక్రమే గుంతలో పడ్డప్పుడు ట్రెయిలింగ్ ఆర్మ్ పక్కకు కూడా మెలి తిరగాలి, గట్టి పాలీయురితేన్ అంత తేలిగ్గా లొంగదు, ఆ అదురు బాడీకి చేరుతుంది. రోజువారీ తిరిగే బండికి కంపెనీ కొలతల రబ్బరే తగినది.

కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక నట్లు మరోసారి చూసుకోండి. గట్టి చదునైన నేల, మంచి స్టాండ్లు లేనివాళ్లు ఈ పనికి దిగకుండా షెడ్డుకే వెళ్లడం మేలు. వెళ్లినా మిస్త్రీని ఒక్కటి అడగండి: బండి దించాకే ఆ నట్లు బిగించమని, అందుకు పట్టే సమయానికి వేరే కూలి ఇస్తామని.