ముప్ఫై వారాలూ, ఒక చివరి వారమూ

ప్రేమ నవల గురించి మన సంఘం సభల్లో మాట్లాడటం ఎప్పుడూ తేలికే. పలాయనవాదం అంటాం, మధ్యతరగతి పగటికల అంటాం, వ్యాపార సాహిత్యం అంటాం. చప్పట్లు పడతాయి. వక్త తర్వాతి అంశానికి వెళ్ళిపోతాడు. ఈ మాటలు అబద్ధాలని నేననడం లేదు. అయితే వైద్యుడు రోగం పేరు చెప్పి లేచిపోతే సరిపోతుందా? ఆ నవల ఎట్లా తయారవుతుంది, ఎవరు తయారు చేయిస్తారు, ముప్ఫై వారాలపాటు ఒక పాఠకురాలిని ఏ పట్టుతో కూర్చోబెడుతుంది అనే ప్రశ్నలు మనం గట్టిగా వేసుకోలేదు. అందువల్ల ప్రేమ నవలకి వచ్చిన నష్టమేమీ లేదు. నష్టపోయింది మన నవల.

నేను శ్రీకూర్మం వాణ్ణి. కూర్మనాథస్వామి గుడి వల్ల మా వూరి పేరు అందరికీ తెలుసు. 1967 నుంచి 1970 దాకా జిల్లా ఏజెన్సీలో గిరిజన రైతాంగం పోరాడుతున్న రోజుల్లో నేను బడిపిల్లవాణ్ణి. కొండల మీద ఏం జరుగుతున్నదో మా వీధికి పుకార్లుగా చేరేది. వారపత్రిక మాత్రం శ్రీకాకుళం బస్సులో తప్పకుండా దిగేది. ఒక ఇల్లు కొనేది, ఆరిళ్ళు చదివేవి. ఆరో ఇంటి నుంచి తిరిగొచ్చాక సీరియల్ కాగితాలు జాగ్రత్తగా విడదీసి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట తొడిగేవారు. అట్లా కుట్టిన పుస్తకాల్లో చివరి వారం లేకపోవడం మామూలే. పత్రిక తిరిగి రాలేదో, ఎవరో పొట్లం కట్టుకున్నారో! విశేషమేమంటే, చివరి వారం లేని ఆ పుస్తకాలని కూడా ఆడవాళ్ళు మళ్ళీ మళ్ళీ చదివేవారు. పెళ్ళి జరిగిందా లేదా అన్నది వాళ్ళకి తెలియకనా? మొదటి వారమే తెలుసు. మరి దేనికోసం చదివినట్టు?

ఈ ప్రశ్నకి జవాబు దొరకాలంటే ఆ నవలల నిర్మాణంలోకి దిగాలి. దిగడానికి మాకు దగ్గర్లోనే ఒక చోటుంది. కాళీపట్నం రామారావు గారు శ్రీకాకుళంలో 1997లో నెలకొల్పిన కథానిలయం కథల కోసం పెట్టిందే. కానీ కథల కోసం పాత పత్రికలు పోగుచేస్తే వాటితోపాటు సీరియళ్ళు రాక తప్పవు కదా. ఒక పేజీలో మనం నెత్తిన పెట్టుకునే కథ, నాలుగు పేజీలు తిప్పితే మనం మొహం తిప్పుకునే నవల. రెంటినీ ఒకే పాఠకులు, ఒకే మధ్యాహ్నం చదివారు. మన విమర్శ వాటిని రెండు లోకాలుగా విడగొట్టింది.

ఈ తరహా నవలకి మూలరూపం ఏదంటే అందరూ యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’నే చూపిస్తారు. 1960లలో ‘జ్యోతి’ మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1976లో సినిమా అయింది. రచయిత్రి 2018లో కన్నుమూశారు, పుస్తకం మాత్రం అచ్చులోంచి పోలేదు. జయంతి ఉద్యోగం చేసుకునే అమ్మాయి. రాజశేఖరం ఆస్తిపరుడు. ఆమె ఆత్మాభిమానానికీ అతని ఆకర్షణకీ మధ్య కథ నడుస్తుంది, పెళ్ళితో ముగుస్తుంది. ఇంతే కదా అని మనం పెదవి విరిచేస్తాం. పేరు చూడండి: ‘సెక్రటరీ’. అది నాయిక పేరు కాదు, నాయకుడి పేరూ కాదు, ఒక ఉద్యోగం పేరు.

ఈ నవలా రచయిత్రులు సాధించిన అసలు పనితనం ఇక్కడుంది. ప్రేమకథలో ఇద్దరి మధ్యా ఒక్క మాట చాలు, కథ అయిపోతుంది. ఆ మాట ముప్ఫై వారాలు రాకుండా ఆపాలి. నాసిరకం రచయితకి ఆపడం చేతకాదు: ఉత్తరం తప్పుదారి పడుతుంది, ఎవరో చాటు నుంచి సగం మాట వింటారు, ప్రమాదంలో మతి పోతుంది. మంచి రచయిత్రి ఇవేవీ ముట్టుకోకుండా ఆపుతుంది. నాయిక చెప్పదు, ఎందుకంటే అతను జీతమిచ్చేవాడు. నువ్వంటే ఇష్టమని ఆమె అన్న మరుక్షణం ఆ మాటకి నీ బంగళా అంటే ఇష్టమని అర్థం వస్తుంది. చుట్టూ వున్నవాళ్ళు అట్లాగే అనుకుంటారు. అతనూ అనుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, తానే అనుమానించుకుంటుంది. జీతానికి పనిచేసే ఆడమనిషికి తన ఇష్టాన్ని నోరు తెరిచి చెప్పే స్వేచ్ఛ లేదు అన్న సంగతిని ఇంత ఓపిగ్గా, ఇన్ని చిన్న చిన్న సంఘటనల్లో పెట్టి చూపించిన రచనలు మన అభ్యుదయ సాహిత్యంలో ఎన్నున్నాయో ఎవరైనా లెక్కగట్టి చెప్పాలి.

పరదాలు, వాయిల్ చీరలు, కారు రంగు, కాఫీ కప్పులు – ఈ వర్ణనల మీద మనవాళ్ళు వేసిన ఛలోక్తులకి లెక్కలేదు. కొన్ని నిజంగా నవ్వొచ్చేవే. అయితే ఒక ఇంటికెళ్తే ముందుగా కప్పులూ పరదాలూ ఎవరి కంటపడతాయి? వాటిని కడిగి, ఉతికి, మడతపెట్టే మనిషి కంటపడతాయి. ఆ వర్ణనలో ఆశ ఎంతుందో, చాకిరీ తెలిసిన చూపూ అంతే వుంది.

ఇక చివరి వారం. ముప్ఫై వారాలు అడ్డుగోడగా నిలబడ్డ ఆస్తే ఆ వారంలో కానుకగా మారిపోతుంది. జీతమిచ్చే చెయ్యి తాళికట్టే చెయ్యి అవుతుంది. ఆమె బల్లకి ఇవతలి వైపు నుంచి అవతలి వైపుకి వెళ్ళి కూర్చుంటుంది, బల్ల మాత్రం కదలదు. రేపు ఇవతలి కుర్చీలోకి ఇంకో అమ్మాయి వస్తుంది. ఆమె సంగతి నవలకి అక్కర్లేదు. భూస్వామ్య సంస్కారమూ వ్యాపార తెలివీ చేతులు కలిపేది సరిగ్గా ఈ చోట. మన విమర్శ పట్టుకున్నది దీన్నే, సరిగ్గానే పట్టుకుంది. పట్టుకుని, దీనికి ముందున్న ముప్ఫై వారాలని కూడా ఇదే గోతంలో వేసి కుట్టేసింది. అప్పుడు మన నవలాకారులు ఏం చేశారు? చివరి వారం ఒక్కటే రాయడం మొదలుపెట్టారు. సమ్మె, ఊరేగింపు, ఎర్రజెండా అన్నీ వస్తాయి. జెండా పట్టుకున్న మనిషి అంతకుముందు ముప్ఫై వారాలు ఏ మాట నోట్లోనే ఆపుకుని బతికాడో మాత్రం రాదు.

తప్పంతా రచయిత్రులదే అన్నట్టు మాట్లాడేవాళ్ళు ప్రచురణ యంత్రాన్ని చూడరు. వారపత్రికకి సీరియల్ అంటే చందాదారుని వచ్చే వారం దాకా పట్టి వుంచే కొక్కెం. భాగం ఇన్ని పేజీలకి మించకూడదు, ఆఖరి వాక్యం తెగకూడదు. పాఠకుల ఉత్తరాలు బాగా వస్తే కథ సాగుతుంది, తగ్గితే నాయికకి హఠాత్తుగా పెళ్ళయిపోతుంది. పుస్తకంగా వేసేటప్పుడు పదహారు పేజీల ఫారం లెక్క. చివరి ఫారం నిండకపోతే కాగితం దండగ కాబట్టి నవల పొడవు కూడా ప్రెస్సు లెక్కల్లోకి వస్తుంది. ఎమెస్కోవారు పాకెట్ పుస్తకాలతో, ‘ఇంటింటా గ్రంథాలయం’ పథకంతో నవలని నేరుగా గుమ్మంలోకి తెచ్చారు. ఇది చిన్న పని కాదు. పుస్తకాల షాపులోకి అడుగుపెట్టే అలవాటు లేని ఇల్లాలి చేతికి సొంత పుస్తకం వచ్చింది. కొనలేనివాళ్ళకి పైసల్లో రోజు అద్దె తీసుకునే అద్దె లైబ్రరీలుండేవి. అద్దెకిచ్చేవాడికి త్వరగా చదివి త్వరగా తిరిగిచ్చే నవల కావాలి, కళ్ళు ఆగిపోయే వాక్యం అతనికి నష్టం. స్త్రీ పేరుకి గిరాకీ వుందని తెలిసి మగవాళ్ళు కూడా స్త్రీల పేర్లతో రాసిన రోజులవి.

ఇది మన గొడవే అనుకోనక్కర్లేదు. లండన్‌లో 1908లో మొదలైన మిల్స్ అండ్ బూన్ సంస్థ తొలిరోజుల్లో రకరకాల పుస్తకాలు వేసేది. 1930లలో అక్కడి అద్దె లైబ్రరీల గిరాకీని చూసుకునే పూర్తిగా ప్రేమ నవలల వైపు మళ్ళింది. రోజుకింత అని అద్దె కట్టే పాఠకులే ఆ నవల పొడవునీ వేగాన్నీ నిర్ణయించారు. 2008లో అదే సంస్థ భారతదేశంలో దుకాణం తెరిచింది. అప్పటికే మన పట్టణాల పాత పుస్తకాల బళ్ళ మీద దాని పుస్తకాలు దశాబ్దాలుగా వున్నాయి.

అందర్నీ ఒకే గాటకట్టడం కూడా న్యాయం కాదు. 1929లో విజయనగరంలో పుట్టిన ద్వివేదుల విశాలాక్షి గారు ఇదే పత్రికల్లో, ఇదే పాఠకులకి రాస్తూ సంసారం లోపలి లెక్కలు రాశారు. వాసిరెడ్డి సీతాదేవి గారి సంగతి మరీ చెప్పుకోదగ్గది. జనం ఎగబడి చదివే నవల రాయడం తెలిసిన చేత్తోనే నక్సలైటు ఉద్యమం వైపు వెళ్ళిన యువతని చూపిస్తూ ‘మరీచిక’ రాశారు. రాష్ట్ర ప్రభుత్వం 1982లో దాన్ని నిషేధించింది. హైకోర్టుకి వెళ్ళాక గాని నిషేధం తొలగలేదు. మనవాళ్ళు ఆ రోజుల్లో రాసిన నవలలు చాలావాటిని నిషేధించే శ్రమ ఎవరూ తీసుకోలేదు. సర్కారు ఆ నవల పాఠకుల సంఖ్యని చూసి భయపడింది. ఆ సంఖ్యని తెచ్చిపెట్టింది సీరియల్ పనితనం.

వారపత్రిక సీరియల్ చచ్చిపోయింది, ఇప్పుడీ చర్చ ఎందుకనేవారున్నారు. చావలేదు, చిరునామా మారింది. 2014లో బెంగళూరులో పుట్టిన ప్రతిలిపి వంటి వేదికల్లో తెలుగు ఆడపిల్లలు, గృహిణులు ఫోను మీదే నవలలు రాస్తున్నారు. అక్కడ సంపాదకుడు లేడు, ఫారం లెక్క లేదు. తర్వాతి భాగానికి తాళం మాత్రం వుంది: డబ్బు కట్టి తెరుచుకో, లేదా రేపటిదాకా ఆగు. ‘ఇంకా వుంది’ అన్న పాత మాటకి ఇన్నాళ్ళకి విడిగా ధర కట్టారు. పాఠకుల ఉత్తరానికి బదులు నక్షత్రాల గుర్తులు. ఇక నాయకుడు ఎవరు? హైదరాబాదులో కంపెనీ అధిపతి. రాజశేఖరమే, బంగళా బదులు అద్దాల మేడ.

మా దగ్గర పల్లె నుంచి డిగ్రీ చదువుతున్న అమ్మాయి ఒకతె ఇట్లాంటి సీరియల్ రాస్తూ, భాగాలు చూసి పెట్టమని నా దగ్గరికి వస్తుంటుంది. మాటల పొందిక బాగుంది. అయితే నాయికా నాయకుల నోట సినిమా భాష. “నీ ఇంట్లో మీరంతా ఇలాగే మాటాడుకుంటారా?” అని అడిగాను. నవ్వింది. “మరి నాయకుణ్ణి మనూరి గుంటడిగా రాయకూడదా?” అన్నాను. దానికి ఆమె చెప్పిన జవాబు సభల్లో నేను విన్న ఉపన్యాసాలన్నిటికంటే పదునైనది. “మనూరోడికి కత నడపడానికి టైమేటుంది మాస్టారూ? పొద్దున్నెల్తే రాత్రికొస్తాడు. నేకపోతే వేరావలెలిపోతాడు. పది నెల్లు మనిసుండడు. అమ్మాయి ఎవుల్తో మాటాడాల?”

ఆమె అడిగింది శిల్పం గురించి. ప్రేమ నవలకి తీరిక కావాలి, ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక గది కావాలి. రెండూ ఆస్తిపరుడి దగ్గరే వున్నాయి. నాయకుడు ధనవంతుడు కావడం పాఠకురాలి అత్యాశ వల్లనే అని మనమనుకుంటున్నాం. కథ కదలడానికి అవసరమై కూడా అతను ధనవంతుడవుతున్నాడు. ఈ చిక్కు విడగొట్టే మార్గం చూపకుండా, ధనిక నాయకుణ్ణి వదిలెయ్యమని ఆ అమ్మాయికి చెప్పడం దండగ.

మార్గం లేకపోలేదు. వేరావల్ సంగతి మా తీరంలో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. ఇక్కడ రేవులు లేక, వేట గిట్టుబాటు కాక మత్స్యకారులు గుజరాత్ పడవల మీద కూలికి పోతారు. 2018 నవంబరులో అట్లా వెళ్ళినవాళ్ళని పాకిస్తాన్ పట్టుకుంది. 2020 జనవరిలో గాని ఇరవై మంది విడుదల కాలేదు. ఎచ్చెర్ల మండలం డి. మత్స్యలేశం మనుషుల ఈ అనుభవం మీదనే 2025 ఫిబ్రవరిలో ‘తండేల్’ సినిమా వచ్చింది. ప్రేమకథగానే వచ్చింది. వెళ్ళొద్దని అమ్మాయి అంటుంది, అతను వెళ్తాడు. మొదటి సగంలో కూలీ, సముద్రం, ఫోను కోసం ఎదురుచూపు – ప్రేమకి అడ్డం నిలిచింది బతుకుతెరువే. రెండో సగం జైల్లోకి వెళ్ళేసరికి అడ్డం నిలిచింది శత్రుదేశం అయిపోయింది. ఇక్కడే పని దొరికితే అతను వెళ్ళేవాడా అన్న ప్రశ్న జెండా రెపరెపల్లో కలిసిపోయింది. సినిమా అయినా నవల అయినా చివరి వారం చేసే పని ఇదే.

ఆ పది నెలల ఎడబాటే ముప్ఫై వారాల కథ అని ఆ అమ్మాయితో అన్నాను. అడ్వాన్సు తీసుకున్న రోజు, ఇంట్లో ఆ డబ్బు ఎవరెవరి అప్పులకి పోయింది, సముద్రంలోంచి సిగ్నల్ దొరికినప్పుడు వచ్చే రెండు నిమిషాల ఫోను, ఆ రెండు నిమిషాల్లో పక్కన అత్త నిలబడి వుండటం. గదీ తీరికా లేని ఇద్దరికి ఆ ఫోనే గది. చెప్పాలనుకున్న మాట చెప్పకుండా ఆపడానికి ఇంతకంటే గట్టి కారణం ఏ బంగళాలో దొరుకుతుంది? ఆమె ఇప్పటికి రెండు భాగాలు తిరగరాసింది. మొదటిదానికి నక్షత్రాలు తగ్గాయని దిగులుపడుతోంది. నన్నడిగితే రెండో భాగం చివర సరిగా తెగింది. మొదటి దానిలోనే తల్లి పాత్ర అవసరానికి మించి మాట్లాడింది.

మన పత్రిక నెలకి ఎనిమిది పేజీలు సీరియల్‌కి కేటాయించాలని కార్యవర్గానికి రాస్తున్నాను. మాసపత్రికకి వారపత్రిక కొక్కెం పనికిరాదు, నెలరోజులు గుర్తుండే చోట భాగాన్ని తెంచాలి. అందుకు శిక్షణ తరగతి పెట్టాలి. ఆ తరగతికి కవులనీ ఉపన్యాసకులనీ పిలవడం ఈసారికి మానుకుందాం. సీరియళ్ళు రాసి బతికిన రచయిత్రులు ఇంకా మన మధ్య వున్నారు. వారిని పిలిచి, మొదటి రోజంతా ఒకే ఒక్క విషయం అడగాలి: భాగాన్ని ఎక్కడ ఆపాలో మీరెట్లా తేల్చుకునేవారు?