వానపాముల లెక్క: డార్విన్ చివరి పుస్తకం

డార్విన్ పేరు చెప్పగానే మనకి కోతి గుర్తొస్తుంది, గలపాగోస్ దీవులు గుర్తొస్తాయి. కానీ చనిపోవడానికి ఆరు నెలల ముందు, 1881 అక్టోబరులో, డెబ్బై రెండేళ్ళ వయసులో ఆయన తెచ్చిన పుస్తకం వానపాముల మీద. పేరు కూడా పాఠకుణ్ణి రమ్మని పిలిచేలా ఉండదు: 'ది ఫార్మేషన్ ఆఫ్ వెజిటబుల్ మోల్డ్ త్రూ ది యాక్షన్ ఆఫ్ వర్మ్స్'. వానపాముల పని వల్ల సారవంతమైన పైమట్టి ఎలా తయారవుతుందో చెప్పే పుస్తకం అన్నమాట. అప్పట్లో వేల కాపీలు అమ్ముడుపోయింది. ఇప్పుడు దాన్ని ఎవరైనా తలుచుకుంటే, పెద్దాయన వానపాములకి పియానో వినిపించాడట అని నవ్వుకోవడానికే.

ఆ నవ్వు దగ్గర ఆగిపోతే నష్టం మనకే. చావు గురించీ, మట్టి గురించీ మనం వాడే మాటల్ని మళ్ళీ ఒకసారి తూచి చూసుకోమనే పుస్తకం ఇది. అలాగని ఇందులో లోపం లేదనను. ఉంది, పెద్దదే. దాని దగ్గరికీ వస్తాను.

మొదటి రెండు అధ్యాయాలూ వానపాముల అలవాట్ల మీద. కుండీల్లో మట్టి పోసి, వాటిని ఇంట్లో పెట్టుకుని రాత్రుళ్ళు గమనించాడు. ఈల వేసినా, బసూన్ ఊదినా అవి కదల్లేదు. అదే కుండీని పియానో మీద పెట్టి మీట నొక్కితే చటుక్కున బొరియలోకి పోయాయి. అంటే చెవుడే గానీ, అదురు తెలుస్తుంది. ఇవి బొరియ నోటిని ఆకులతో మూసుకుంటాయి. ఆకుని ఎటువైపు పట్టుకుని లాగుతాయో చూడ్డానికి కాగితాన్ని సన్నటి త్రికోణాలుగా కత్తిరించి పెట్టాడు. 303 త్రికోణాల్లో 62 శాతాన్ని మొన పట్టుకునే లాగాయి. అలా లాగితేనే బొరియలోకి తేలిగ్గా దూరుతుంది మరి. వానపాముల వంశంలో కాగితాన్ని చూసినది ఏదీ ఉండదు కాబట్టి దీన్ని వట్టి అలవాటు అని కొట్టెయ్యలేం. వీటికీ కొంత తెలివి ఉందంటాడు డార్విన్. ఒప్పుకున్నా లేకపోయినా, ఇంత చిన్న ప్రాణి ముందు అంత ఓపిగ్గా కూచోవడం చదవడానికి బావుంటుంది.

తర్వాతి అధ్యాయాల్లోనే చాలామంది పుస్తకం మూసేస్తారు. అన్నీ అంగుళాలే. 1842 డిసెంబరులో తన ఇంటి దగ్గరి పొలంలో సుద్దముక్కలు చల్లించాడు. 29 ఏళ్ళు ఆగి, 1871లో కందకం తవ్వించాడు. సుద్ద తెల్లటి గీతలా 7 అంగుళాల లోతున కనపడింది. ఆ 7 అంగుళాల మట్టీ వానపాములు కింద మింగి, పైకి తెచ్చి విసర్జించినది. ఇంకో పొలం నిండా రాళ్ళే. పిల్లలు పరిగెత్తితే గలగలమనేవట. ముప్ఫై ఏళ్ళకి ఈ చివర్నించి ఆ చివరికి గుర్రం దౌడు తీసినా డెక్కకి ఒక్క రాయి తగల్లేదు. ఇంగ్లండులో చాలాచోట్ల ఎకరానికి ఏడాదికి పది టన్నులకి పైగా పొడిమట్టి ఇలా పైకి వస్తుందని లెక్క తేల్చాడు. రోమన్ల కాలం నాటి కట్టడాలు మట్టి కింద ఎలా కూరుకుపోయాయో చెప్పడానికి ఒక అధ్యాయమంతా కేటాయించాడు.

విసుగ్గా ఉంటుంది, నిజమే. కానీ ఇంత చిన్న పురుగులు అంత పని చెయ్యలేవని 1869లో ఒకాయన ఈ ఆలోచనని తోసిపుచ్చాడు. దానికి డార్విన్ సమాధానమే ఈ అంగుళాలన్నీ. ఆగకుండా జరిగే చిన్న పనిని మనసులో కూడుకోవడం మనుషులకి చేతకాదని ఆయన ఫిర్యాదు. మా ప్రోగ్రామింగ్‌లో ఇది రోజూ కనిపించేదే. లూప్ లోపలి ఒక్క లైను చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది, అది కోటిసార్లు తిరిగాక గానీ దాని బరువు తెలీదు. పాఠకుడికి ఆ బరువు తెలియాలంటే కొన్ని తిరుగుళ్ళైనా వాడితో తిప్పించాలి. ఈ పుస్తకం చేసేది అదే.

ఇక లోపం. ఇన్ని ఆకులు బొరియలోకి వెళ్ళాయి కదా, ఆ తర్వాత ఆకు ఏమైంది? డార్విన్ కన్ను మట్టి ఎటు కదిలిందన్న దాని మీదే. మట్టికి సారం ఎలా వచ్చిందన్నది దారిలో తగిలిన మాటగా వదిలేస్తాడు. మట్టిలో నైట్రేట్ తయారవడం వెనక సూక్ష్మజీవులున్నాయని 1877లో ఫ్రాన్సులో తేలింది. ఆ ప్రక్రియ పేరు ఈయన పుస్తకంలో ఒక్కసారి మెరిసి మాయమవుతుంది. ఆ శాస్త్రం అప్పుడే కళ్ళు తెరుస్తోంది కాబట్టి ఆయన్ని తప్పుపట్టలేం. అయినా ఈ కథలో సగం లేదని మాత్రం చెప్పాలి.

ఆ సగం ఇది. వానపాము ఆకుని చింపి, మట్టితో కలిపి నలుగుడు పెడుతుంది. అసలు విప్పే పని బూజులదీ బాక్టీరియాదీ. చెక్కకి గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్‌ని విడగొట్టడం ముఖ్యంగా బూజులకే చేతనవును. ఆకులోని కార్బన్ చాలావరకు ఈ ప్రాణుల ఊపిరిగా గాల్లోకి తిరిగి వెళ్తుంది. నత్రజని, భాస్వరం వేళ్ళు పీల్చుకోగల రూపంలోకి వస్తాయి. ఆకు ఎండ నుంచి దాచుకున్న శక్తి మాత్రం తిరిగి రాదు. పెంటకుప్పలో చెయ్యి పెడితే తగిలే వేడి అదే. పదార్థం చుట్టూ తిరుగుతుంది, శక్తి ఖర్చైపోతుంది. తిరిగే పదార్థం కూడా అదే ఆకుగా రావాలని లేదు. వేపాకులోని నత్రజని వచ్చే ఏడాది గడ్డిపరకలో ఉండొచ్చు, ఆ తర్వాత ఆవుపాలలో.

ఇక్కడ మన మాటల దగ్గరికి వస్తాను. మన కవిత్వంలో 'కుళ్ళు' ఎప్పుడూ తిట్టే. కుళ్ళిన వ్యవస్థ, కుళ్ళిన సమాజం. అసూయ పేరు కూడా కుళ్ళే. చచ్చినవాడు 'మట్టిలో కలిసిపోయాడు' అన్నామంటే అక్కడితో కథ అయిపోయినట్టే లెక్క. కానీ పొలంలో మాటలు వేరు. పచ్చి పెంట వెయ్యొద్దు, బాగా 'చివికిన' ఎరువు వెయ్యి అంటారు. ఎరువు 'మాగింది' అంటారు, పండుకి వాడే మాటే. ఇందులో రసాయన శాస్త్రం కూడా ఉంది: మాగని ఎండుగడ్డిని దున్నేస్తే దాన్ని విప్పడానికి సూక్ష్మజీవులే మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటాయి, పైరు కొన్నాళ్ళు పసుపెక్కుతుంది. మాగనివ్వాలి. కుళ్ళడానికీ మాగడానికీ మధ్య తేడా తెలిసిన భాష మనది. రాసేటప్పుడు మాత్రం మొదటి మాటే అందుకుంటాం.

మాటలదేముందిలే అనుకోకండి. శిశిరంలో రాలిన ఆకుల్ని ఊడ్చి మూలన తగలబెట్టడం మన నగరాల్లో శుభ్రత కింద చెల్లిపోతోంది. కోత మిషన్ పోయాక వరికొయ్యలకి నిప్పు పెట్టడం మామూలైపోయింది. బూడిదలో పొటాష్ లాంటివి మిగులుతాయి గానీ నత్రజని చాలావరకు పొగతో పోతుంది. రాలినదాన్ని 'చెత్త' అని పిలిచాక దాన్ని తగలెయ్యడమే సహజంగా తోస్తుంది. 'మాగాల్సింది' అని పిలిస్తే కనీసం ఒక కుప్ప పోసి ఆగుతాం.

మన నేలకి ఈ పుస్తకాన్ని ఉన్నదున్నట్టు అతికించలేం. కలకత్తా తోటలోవీ, నీలగిరి కొండల్లోవీ వానపాములు విసర్జించిన మట్టిగోపురాల బొమ్మలు ఇందులో ఉన్నాయి, నిజమే. కానీ వానపాముకి తడి కావాలి. మన మెట్టభూముల్లో ఎండుటాకునీ పుల్లనీ లోపలికి చేర్చే పని చాలామటుకు చెదలది. తలుపు తిన్నదని తిట్టుకుంటాం, అది కట్టిన పుట్టకి నాగులచవితినాడు పాలుపోస్తాం. ఆ చెదల మీద ఇంత ఓపికైన పుస్తకం తెలుగులో ఎవరైనా రాస్తే చదవాలని ఉంది.

అంతవరకు ఇది చదవండి. కాపీరైట్ తీరిపోయింది కాబట్టి నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొదటి రెండు అధ్యాయాలు ఎవరైనా చదివేస్తారు. మూడో అధ్యాయంలో అంగుళాలు మొదలైనప్పుడు పేజీలు తిప్పెయ్యకుండా ఒక పది పేజీలు ఓర్చుకోండి. రాళ్ళ పొలం కథ అక్కడే ఉంది.