కిన్నెర అడిగే వాటా

పాలమూరు పల్లెలు తిరుగుతూ ఒక మాదిగవాడలో డక్కలి కళాకారుని కిన్నెర విన్నాం. మైకు లేదు, స్టేజీ లేదు. ఎండిన సొరకాయ బుర్రలు, వెదురు బొంగు, తీగలు. గొంతు ఆగినచోట తీగ కథనందుకుంటుంది. జాంబపురాణాన్ని, అంటే మాదిగల పుట్టుక కథను, తరతరాలుగా మోసుకొచ్చిన వాద్యమిది. పండితులు దీన్ని 'జానపదం' అని పక్కన పెట్టేసిండ్రు. సరే, వాళ్ళ సంగతి తెలిసిందే. మరి మన సంగతి? మన పురాణం పాడినోళ్ళనే ఆశ్రితులని వాకిట్లో నిలబెట్టినం. 2022లో కిన్నెర మొగులయ్యకు పద్మశ్రీ వస్తే చప్పట్లు కొట్టినం. రాష్ట్రాలు ఎస్సీలను వర్గీకరించవచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వాటా కోసం కొట్లాడిన మనం డక్కలోళ్ళ వాటా గురించి కూడా అంతే గట్టిగా మాట్లాడాలె. కిన్నెర మీద ఏ విమర్శ అయినా అక్కణ్నుంచే మొదలవ్వాలి.