మేకు, తాడు: ఇద్దరు యాత్రికుల సాక్ష్యం

మధ్యయుగపు హిందూ మహాసముద్ర నౌకలను గురించి వ్రాసేవారు మార్కోపోలో మాటను తుది తీర్పుగా స్వీకరించడం పరిపాటి. హోర్ముజ్ ఓడలు నాసివనీ, ఇనుప మేకులు లేకుండా కొబ్బరిపీచు తాడుతో కుట్టినందున అనేకం మునిగిపోతున్నాయనీ అతడు 13వ శతాబ్ది చివర చెప్పాడు. 14వ శతాబ్దిలో ఇబ్ను బతూతా చెప్పినది దీనికి పూర్తిగా విరుద్ధం: మేకులు కొట్టిన ఓడ రాతికి తగిలితే పగులుతుంది, కుట్టిన ఓడ సాగి నిలుస్తుంది.

వీరిలో ఎవరిది నిజమని అడగడమే పొరపాటు. ఇద్దరూ చెప్పినది వేరువేరు తాకిడులను గురించి.

గూడూరుకు తూర్పున కృష్ణపట్నం, దుగరాజపట్నం వైపు తీరమంతా ఇసుక. అలలు ఒడ్డునే విరుగుతాయి. కోరమాండల్ తీరపు మసూలా పడవ ఇటువంటి అలల కోసం పుట్టినదే. పక్కటెముకల వంటి లోపలి చట్రం దానికి లేదు. పలకల అంచులకు రంధ్రాలు చేసి, సందులలో గడ్డి కూరి, తాడుతో బిగించి కుడతారు. అడుగు ఇసుకను తాకినపుడు పలకలు కాస్త కదలి ఆ దెబ్బను కుట్టు పొడవునా పంచుకొంటాయి. మేకు ఉన్నచోట బలమంతా ఒక్క రంధ్రం వద్ద పడి చెక్క చీలుతుంది. ఉప్పునీటిలో ఇనుము తుప్పు పట్టడం సరేసరి. 1183లో ఎర్ర సముద్రం దాటిన ఇబ్ను జుబైర్, అక్కడి కుట్టు ఓడలకు సొరచేప నూనె పూసేది చెక్క మెత్తబడి రాళ్ళ తాకిడికి ఓర్చుకొనేందుకేనని వ్రాశాడు. ముగ్గురిలోను పనివాని ఆలోచనను అందుకొన్నవాడు ఇతడే.

అయితే పోలోను త్రోసిపుచ్చరాదు. పొడవైన ఓడ నడుమ క్రిందికి పెద్ద అల వచ్చినపుడు రెండు కొనలు వ్రేలాడుతాయి. అల దాటగానే నడుము క్రుంగుతుంది. ఇలా వంగిన ప్రతిసారీ పక్కపక్క పలకలు ఒకదానిపై ఒకటి జారజూస్తాయి. ఆ జారుడును కుట్టు పూర్తిగా ఆపలేదు. సందులు విచ్చి నీరు వస్తుంది. పైగా పోలో చూచిన ఓడలకు డెక్కు లేదు; సరకుపై తోళ్ళు కప్పి, వాటిమీద భారతదేశానికి అమ్మే గుర్రాలను నిలిపేవారు. మూతలేని పెట్టె సులువుగా మెలిపడుతుంది. లోపం కుట్టుదా, మూత లేకపోవడానిదా అని అతడు విచారించలేదు.

1998లో బెలిటుంగ్ దీవి వద్ద బయటపడిన 9వ శతాబ్దపు ఓడ కూడా మేకు లేనిదే. అది చైనా పింగాణీని సుమారు 60,000 పాత్రల వరకు మోసింది. (మునిగినదన్నది వాస్తవమే, మేకుల ఓడలు మునగలేదా?) 2025 మే నెలలో భారత నౌకాదళం కార్వార్‌లో స్వీకరించిన కౌండిన్య కూడా కొబ్బరితాడుతో కుట్టినదే. సముద్రంలోకి పంపే ముందు దాని నమూనాను మద్రాసు ఐ.ఐ.టి.లో నీటిపై పరీక్షించారు.