దిల్‌సుఖ్‌నగర్ వస్తే జర లేపుండ్రి

ఈమధ్య ఒక సాయంత్రం కోఠీలో చిల్లరమల్లర పనులు ముగించుకుని మెట్రోలో ఎల్.బి. నగర్ వెళ్తున్నాను. పక్కసీటు అమ్మాయికి ముప్ఫై దాటి ఉంటాయి. ఒళ్ళో లంచ్ బ్యాగు పెట్టుకుని, "అక్కా, దిల్‌సుఖ్‌నగర్ వస్తే జర లేపుండ్రి" అంది. నా జవాబు కోసం కూడా ఆగకుండా కళ్ళు మూసేసింది. మలక్‌పేట వచ్చేసరికి తల నా భుజం మీద వాలింది. నా చేతిలో ఉన్నదేమో అబ్బూరి ఛాయాదేవిగారి 'సుఖాంతం'. నిద్ర గురించిన కథ!

చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. ఆ కథానాయికకి నగలూ చీరలూ అక్కర్లేదు. కంటినిండా నిద్ర పోవాలి, అంతే. ఆ ఒక్కటీ దొరకదు. ఎప్పుడూ ఎవరికో ఏదో కావాలి. చివరికి నిద్రమాత్రలు మింగుతుంది. కథకి ఆ పేరెందుకు పెట్టారో అప్పుడు తెలుస్తుంది.

ఢిల్లీలో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉద్యోగం చేసిన ఛాయాదేవిగారికి (1933–2019) ఇంటిపనీ బయటిపనీ రెండూ తెలుసు. ఆవిడ గొంతు పెంచరు. విడివిడిగా చూస్తే ఏ పిలుపూ తప్పనిపించదు. అన్నీ కలిస్తే ఒక మనిషి బతుకంతా అయిపోతుంది. కథలో గొప్పతనమంతా ఆ కూడికలోనే ఉంది.

యాభై ఏళ్ళు దాటిన కథే గానీ, పాతబడలేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నారని తేలింది. ఆ పని చేసే మగవాళ్ళు పెట్టేది 97. 2018 సెప్టెంబరులో మెట్రో ఎల్.బి. నగర్ దాకా వచ్చాక మా తూర్పువైపు ఆడవాళ్ళకి దక్కిన తీరిక ఏమిటంటే, సీటు దొరికితే పావుగంట కునుకు! ఆ మెట్రో కట్టిన ఎల్ అండ్ టి ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్‌గారు, వారానికి 90 గంటలు పనిచెయ్యాలనీ, ఇంట్లో కూచుని ఎంతసేపని భార్య ముఖం చూస్తారనీ అన్నట్టు 2025 జనవరిలో పేపర్లలో వచ్చింది. కూచుని ముఖం చూపించే తీరిక ఆ భార్యకుందా అని అడిగినవాళ్ళు నాకు కనిపించలేదు.

నిజం చెప్పొద్దూ, కథ ముగింపుతో నాకు పేచీ ఉంది. పోయినావిడ కోసం ఇంట్లోవాళ్ళు నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటారు. అదే, ఆవిడ మర్నాడు ఏడింటిదాకా పడుకుని, "కాఫీ మీరే పెట్టుకోండి" అంటే? ఆ ఇంట్లో ఏం జరుగుతుంది? అది రాయడం కష్టం. ఛాయాదేవిగారిని అనడానికి నేనెవర్ని? ఇన్ని నవలలు రాసి ఒక్క నాయిక చేతా ఆ మాట అనిపించలేకపోయాను. మా ఇంట్లో నేనే ఇంతవరకూ అనలేదు మరి.

ముసారాంబాగ్ దాటింది. ఆ కథలో అందరూ చేసిన పనే ఇప్పుడు నేనూ చెయ్యాలి. మనసొప్పక, తలుపులు తెరుచుకునేదాకా ఆగి భుజం తట్టాను.

ఉలిక్కిపడి, "అప్పుడే వచ్చేసిందా?" అంది. బ్యాగు తగిలించుకుని దిగుతూనే ఫోనందుకుంది. "బియ్యం కడిగి పెట్టు, వస్తున్న" అంటోంది.

అవతల ఉన్నది మొగుడే అయ్యుండాలని నా ఆశ.