గదిలో చెప్పిన మాట

ప్యాడీ అప్టన్ 'ది బేర్‌ఫుట్ కోచ్' 2019లో వచ్చినప్పుడు చాలామందిలాగే నేనూ ముందు గౌతమ్ గంభీర్ పేజీలే వెతుక్కుని చదివాను. ఫోటో తీసి ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టాను కూడా. ఈమధ్య పుస్తకం మళ్లీ తీస్తే ఆ ఫోటో గుర్తొచ్చి సిగ్గేసింది.

అప్టన్ 2008 నుంచి 2011 ప్రపంచకప్ దాకా భారత క్రికెట్ జట్టుకి మెంటల్ కండిషనింగ్ కోచ్. తను పనిచేసినవాళ్లలో మానసికంగా బాగా బలహీనంగా, అభద్రతతో ఉన్నవాళ్లలో గంభీర్ ఒకడని పేరు పెట్టి మరీ రాశాడు. నూట యాభై కొట్టినా రెండొందలు కాలేదే అని దిగులుపడేవాడట. తను అతన్ని పెద్దగా మార్చలేకపోయానని కూడా ఒప్పుకున్నాడు.

చిక్కేమిటంటే, పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. 'మెంటల్ టఫ్‌నెస్' లేనివాడు పైకి రాడని కోచింగ్ క్యాంపుల నుంచి కామెంటరీ బాక్సుల దాకా ఊదరగొడతారు కదా. 2009లో నేపియర్‌లో 436 బంతులాడి 137 చేసి టెస్టు కాపాడినవాడు, అదే ఏడాది ఐసీసీ టెస్ట్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అయినవాడు, 2011 ఫైనల్లో 97 కొట్టినవాడు లోపల ఇంత గుబులు మోశాడంటే, ఆ మాటే డొల్ల అని తేలిపోతుంది. పేరు తీసేస్తే ఈ వాదన నిలబడదు. పోనీ 'ఒక ఎడమచేతి ఓపెనర్' అని రాసినా మనం రెండు నిమిషాల్లో పట్టేస్తాం. మామూలు డాక్టర్ పేషెంటుని దాచగలడు. దేశమంతా ఎరిగిన పదకొండు మందిలో ఒకణ్ణి ఎలా దాస్తాడు?

గంభీరే తప్పేం లేదన్నాడుగా అంటారు. నిజమే. అప్పుడతను తూర్పు ఢిల్లీలో లోక్‌సభకి పోటీ చేస్తున్నాడు. ఓట్లడుగుతున్న మనిషి 'నాకు బాధేసింది' అంటాడా? అయినా అచ్చయ్యాక 'పర్లేదు' అనడం వేరు, ముందే 'రాసుకో' అనడం వేరు.

ఈ పనిలో గీత ఎక్కడ గీయాలో నిజంగానే తెలీదు. బస్సులో పక్క సీటు, పొద్దున అదే టిఫిన్ బల్ల, రాత్రి అదే హోటల్ లిఫ్టు. జీతమిచ్చేది బోర్డు, మనసు విప్పేది ఆటగాడు. ఏది కౌన్సెలింగ్, ఏది కబుర్లు? కోచ్‌లు జ్ఞాపకాలు రాసుకోవడం ఆనవాయితీ. సైకాలజిస్టులు విన్నది బయటపెట్టకపోవడం నియమం. అప్టన్ చేసిన పని దాదాపు రెండో రకం, రాసిన పుస్తకం మొదటి రకం.

గంభీర్‌కి పెద్దగా పోయిందేమీ లేదు. నాకు దిగులల్లా రంజీ జట్టులో కొత్తగా చేరిన కుర్రాడి గురించే. సెలెక్టర్లకి తెలుస్తుందేమో అని భయపడేవాడు ఇకమీదట పుస్తకానికి కూడా భయపడాలి. అలాంటివాడు కోచ్ ముందు కూర్చుని 'అంతా బాగుంది సార్' అని లేచి వచ్చేస్తాడు.

2024 డిసెంబరులో సింగపూర్‌లో పద్దెనిమిదేళ్లకే ప్రపంచ చెస్ ఛాంపియన్ అయిన గుకేశ్, అదే మన చెన్నై తెలుగింటబ్బాయి, కూడా అప్టన్ దగ్గర కూర్చుని మాట్లాడినవాడే. ఆ కబుర్లు గుకేశ్ తనే చెప్పుకుంటే అది అతనిష్టం. అప్టన్ రాస్తే? కొననని అనాలనే ఉంది. కానీ ముందు ఆ పేజీలే వెతుక్కోనని గ్యారంటీ ఇవ్వలేను.