కొండ ఎక్కినవాళ్ళూ, కథ రాసినవాళ్ళూ

కొండలెక్కి వచ్చినవాళ్ళు రాసే యాత్రాకథనాలు చదువుతూంటే నాకు ఒక మాట దగ్గర పంటికింద రాయి తగులుతుంది. "శిఖరాన్ని జయించాం" అంటారు. ఎవరితో యుద్ధం చేశారో మరి! కొండ పాపం కత్తి దూయలేదు, కాలు కదపలేదు. ఎక్కకముందూ అక్కడే వుంది, దిగాకా అక్కడే వుంది.

బ్రెజిల్‌లోని రియో డి జనీరో గురించి వచ్చే రచనల్లో ఈ జబ్బు మరీ ఎక్కువ. ఊరు అలాంటిది లెండి. అంత మహానగరం మధ్యన అడవి, అడవిలోంచి తలెత్తిన కొండలు. టిజూకా శిఖరం వెయ్యి మీటర్లు దాటుతుంది. చేతులు చాచిన క్రీస్తు విగ్రహం వున్న కొర్కొవాడో 710 మీటర్లు. సముద్రపుటొడ్డున పంచదార దిమ్మలా నిలబడ్డ షుగర్ లోఫ్ 396 మీటర్లు.

ఆ షుగర్ లోఫ్ నున్నటి రాతిని మొట్టమొదట ఎక్కింది ఒక ఆడమనిషి అని చెబుతారు. హెన్రియెట్టా కార్‌స్టేర్స్ అనే ఇంగ్లీషు ఆయా, 1817లో ఎక్కి, పైన తమ దేశం జెండా పాతిందిట. మన రచయితలు ఈ సంగతి ఒక్క వాక్యంలో తేల్చేసి, చటుక్కున 1912 నాటి కేబుల్ కారు ఎక్కేస్తారు! ఆ కాలపు ఆడవాళ్ళ దుస్తుల్లో ఆ రాయి ఎలా పాకింది? తను చూసుకోవలసిన పిల్లల్ని ఆ పూట ఎవరికి అప్పగించింది? దిగివచ్చాక ఇంటి యజమానులు ఏమన్నారు? మనలాంటివాళ్ళకి ముందు తట్టే ప్రశ్నలివి. జవాబులు దొరక్కపోవచ్చు. అడగాలని కూడా తోచకపోతే ఎలా?

అడవి సంగతి ఇంకా అన్యాయం. కాఫీ తోటలకోసం ఆ కొండల్ని బోడిచేశారు. ఊటలు సన్నగిల్లి, ఊరికి మంచినీళ్ళ కటకట వచ్చింది. రెండో పెడ్రో చక్రవర్తి కాలంలో, 1861లో, అడవిని తిరిగి నాటించడం మొదలుపెట్టారు. మేజర్ ఆర్చర్ అజమాయిషీలో పదమూడేళ్ళలో దాదాపు లక్ష చెట్లు నాటారు. పుస్తకాల్లో చక్రవర్తికి పెద్దపీట, మేజరుకి ఇంకో పీట. మరి మట్టిలో చేతులు పెట్టిన బానిసలకో? కాన్‌స్టాంటినో, ఎలెవుతేరియో, లియోపోల్డో, మాన్యుయెల్, మతేవుస్, మరియా అని ఆరు పేర్లు మిగిలాయి. "ఆరుగురు బానిసలతో" అని రాసి ఊరుకుంటే, ఆ ఆరుగురిలో ఒక ఆడమనిషి వుందని చదివేవాళ్ళకి తెలిసేదెలా?

1920లో బెల్జియం రాజు వస్తున్నాడని టిజూకా శిఖరం కొసన రాతిలో మెట్లు తొలిచి, గొలుసులు కట్టారు. ఆ మెట్లు 117 అని మాత్రం లెక్క తప్పకుండా రాస్తారు!

సరదాగా కొండెక్కి వచ్చినవాళ్ళు చరిత్ర పాఠం చెప్పాలా అంటారేమో. పాఠం వద్దు. చూపు వుంటే చాలు. చాలా ఏళ్ళు బ్రెజిల్‌లో వున్న అమెరికన్ కవయిత్రి ఎలిజబెత్ బిషప్ 1964లో ప్రచురించిన "బాబిలోన్ దొంగ" గేయకథ చూడండి. అదీ రియో కొండమీదే. సైనికులు తరుముతూంటే దాక్కుంటూ తిరిగే దొంగ, వాణ్ణి సాకిన అత్త, కింద మేడల్లోంచి దుర్భిణీలు పెట్టి చూసే ధనవంతులు. కొండ ఎంత ఎత్తో ఆవిడ చెప్పదు. అక్కడ బతికేవాళ్ళ బతుకు చెబుతుంది. చదువుతూంటే ఆ దుర్భిణీ మన చేతిలోనూ వుందేమోనని అనుమానం వస్తుంది. మంచి రచన చేసే పని అదే కదూ!

కొండ ఎత్తు చెప్పడానికి మీటర్లు చాలు. కొండ కథ చెప్పడానికి మనుషులు కావాలి. మరియా అని రాయడానికి పట్టేది మూడే మూడు అక్షరాలు. ఆ మూడక్షరాలకి చోటు లేని పుస్తకం ఎన్ని శిఖరాలు ఎక్కినా నాకు పొట్టిగానే కనిపిస్తుంది.